సూది కదలని చలికాలం

సూది కదలలేదు. స్టీరింగు వెనకాల ఇంజిను వేడి చూపించే ఆ చిన్న గుండ్రటి అద్దంలో, కింద తెల్లగీత దగ్గర, అమ్మవారి తీర్థం మర్నాడు పొద్దెక్కినా లేవని మనిషిలా అలాగే పడి ఉంది. ఇంజిను ఆడుతూ పావుగంట దాటింది. గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి ఆటోనగర్ మంచులో కలిసిపోతోంది, ఏది పొగో ఏది మంచో తెలియడం లేదు. దుర్గ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, డ్రైవరు సీట్లో ముందుకు వంగి, ఆ సూదినే చూస్తోంది. చూస్తూ ఉండమన్నాడు తౌసిఫ్. పాతపట్నం మనిషి, ఈ షెడ్డు పెట్టి నాలుగేళ్ళయిందట, దుర్గకి చుట్టమూ కాదు, పేటలో ఎవరికీ బావా కాదు, అందుకే వెతుక్కుని మరీ ఇతని దగ్గరికొచ్చింది. రాత్రంతా చల్లారిన ఇంజినే నిజం చెబుతుందక్కా, బండి వదిలేసి వెళ్ళు అన్నాడు నిన్న. సరేనని వదిలేసి వెళ్ళి, పొద్దున్నే పెదజాలరిపేట నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. రాగానే డాష్‌బోర్డు మీద బంగారమ్మ తల్లి పటం ముందున్న ఇత్తడి స్టాండులో అగరొత్తి గుచ్చి వెలిగించింది. అది వెలిగించకుండా ఈ బండికి తాళం తిప్పడమే లేదు. కోటి ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కోటి. పొద్దున్నే ఆ పేరెందుకు తగలడింది. రాకూడదనుకున్న పేరే ముందొస్తుంది, ఖర్మ.

డీజిలు తాగేస్తోందని చెప్పింది తౌసిఫ్‌కి. అదీ చలికాలంలోనే. హార్బరులో చేపలెత్తుకుని, ఐసు వేసుకుని, అరకు సంతకీ పాడేరు సంతకీ తిరిగే బండి, ట్యాంకు నింపితే మూడు సంతలకి వచ్చేది, ఇప్పుడు రెండో సంత నుంచి దిగేసరికే దీపం వెలుగుతోంది. ఎవరైనా తీస్తున్నారేమో చూశావా అక్కా అన్నాడతను. మామూలుగానే అన్నాడు, పాపం, అతనికేం తెలుసు. డ్రైవరెవరు అని కూడా అడిగాడు. నానే అంది. ట్యాంకు మూతకి తాళం ఉంది, తాళంచెవి పుస్తెల తాడుండాల్సిన చోట దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నాను, ఇంకెవడు తీస్తాడు అంది. పోయిన చలికాలం ఇదే డీజిలు ఇలాగే పోతే, తీస్తున్నది తమ్ముడు కోటేనని నలుగురిలో నిలబెట్టి అన్నది తనే. ఇప్పుడు తమ్ముడు బండి మీద లేడు, తను తప్ప ఇంకో ప్రాణి లేదు, డీజిలు మాత్రం పోతూనే ఉంది. ఇంజినులో ఏదైనా లోపం దొరికితే కోటి దొంగ కాడు. దొరక్కపోతే కోటి దొంగే, తను అన్నదీ నిజమే, ఈ చలికాలం సంగతి ఇంకేదో. లోపం దొరకాలి తల్లీ అని పటం వైపు చూసింది. దొరక్కుండా ఉంటే బాగుణ్ణని కూడా అదే చూపులో అనుకుంది. సిగ్గేసింది. అగరొత్తి పొగ తల్లి ముక్కుపుడక మీదుగా పైకి పోతోంది.

కోటి తనకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి పోతుంటే వెనకాల తను, తన చంకలో వాడు. గంపలోంచి ఐసునీళ్ళు కారి అమ్మ వీపు తడిసేది, వాడు చెయ్యి చాపి ఆ చుక్కల్ని పట్టుకుని నాకేవాడు, ఉప్పగా ఉందప్పా అని మొహం చిట్లించి మళ్ళీ చెయ్యి చాపేవాడు. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది తను, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళినప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకునే వెళ్ళింది, ధనశ్రీని చూసి వాడికి పెళ్ళి చేసిందీ తనే. మొగుడు అప్పలసూరి పోయాక పడవ అమ్మి ఈ బండి కొన్నప్పుడు, తాళం ముందు కోటి చేతికే ఇచ్చింది. వాడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఘాటీ రోడ్డులో మలుపు మలుపుకీ హారను కొట్టి, పక్కన కూర్చున్న తనకి నిద్రపట్టనిచ్చేవాడు కాదు. ఎంత తిట్టినా నవ్వేవాడు. అలాంటి వాడు డీజిలు తీసి అమ్ముకుంటాడని ఎలా నమ్మింది? అదే కదా. నమ్మడానికి ఒక్క మాట చాలింది. అంత చంకనెత్తుకున్న మనసు ఒక్క మాటకి దిగజారిపోతుందా అని ఇప్పుడు ఎవరినడగాలి.

"అక్కా, ఒకసారి దిగు" అన్నాడు తౌసిఫ్. బానెట్టు ఎత్తి ఉంది, చేతిగుడ్డ భుజాన వేసుకుని వంగి ఉన్నాడు. ఇంజిను నుంచి రేడియేటరు పైభాగానికి పోయే లావుపాటి రబ్బరు గొట్టం చూపించాడు. "దీని మీద చెయ్యేసి చూడు."

వేసింది. గోరువెచ్చగా ఉంది. అదే చెప్పింది. అదే తప్పన్నాడు. బండి బాగుంటే ఈ గొట్టం ముందు చల్లగా ఉండాలట, ఇంజిను బాగా కాగాకే ఒక్కసారిగా వేడెక్కాలట. లోపల ఒక తలుపులాంటిది ఉంటుంది, ఇంజిను కాగేదాకా నీళ్ళని రేడియేటరులోకి పోనివ్వదు, కాగాక తనే తెరుచుకుంటుంది. నీ బండిలో ఆ తలుపు తెరిచి ఉండిపోయిందో, అసలు లేదో, అందుకే నీళ్ళు మొదటినుంచీ తిరిగేస్తున్నాయి, ఇంజిను ఎప్పటికీ చల్లగానే ఉంటోంది, చల్లటి ఇంజిను డీజిలు తాగుతుంది, ఎండాకాలం తెలియదు, ఘాటీ ఎక్కితే చలిలో తెలుస్తుంది. ఇదంతా పిల్లలకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. దుర్గ గొట్టం మీంచి చెయ్యి తియ్యలేదు. ఈ మాటలు తనకి కొత్త కాదు. తలుపు సంగతి కొత్త, మిగిలినదంతా విన్నదే. పోయిన డిసెంబరులో, అనంతగిరి దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని వణుకుతూ కోటి అన్నాడు. "అప్పా, బండికి సలేత్తంది. ఘాటీ ఎక్కినా సూది లెగట్నేదు. అందుకే తాగుతంది." బండికి చలెయ్యడమేమిట్రా అని నవ్వింది తను. నవ్వి, కొండ దిగాక ఆ మాట పట్టుకెళ్ళి గురువులు బావనడిగింది.

గురువులు బావ. అప్పలసూరికి పెద్దమ్మ కొడుకు, కంచరపాలెంలో మెకానిక్కు షెడ్డు, ఈ బండి పుట్టి బుద్ధెరిగాక ఇంకొకడి చేతిలో రెంచి చూడలేదు. మొగుడు పోయినప్పుడు పదకొండు రోజులూ ఇంటి అరుగు మీదే పడుకున్న మనిషి. అలాంటి మనిషి వచ్చి, ఇదిగో ఈ సీట్లోనే కూర్చుని, ఇంజిను రేపి, చెవి ఒగ్గి విని, అగరొత్తి పక్కకి వాలితే దాన్ని తనే తీసి స్టాండులో నిటారుగా గుచ్చి, దిగి, చేతులు తుడుచుకున్నాడు. "బండికేటీ నేదు దుర్గా. తాగే నోరు ఏరే ఉంది" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట. అది ఇంటికెళ్ళేదాకా చెవిలోనే ఉండిపోయింది, అన్నం తింటుంటే ఉంది, కోటి కొత్త చెప్పులు చూస్తే ఉంది, ధనశ్రీ పూల చీర కడితే ఉంది. నెల తిరక్కుండా ఆ మాటకి కాళ్ళూ చేతులూ వచ్చి తమ్ముడి మొహం వచ్చేసింది. జనవరిలో, వలలు బాగుచేసే షెడ్డు ముందు, పదిమంది చూస్తుండగా పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఆర్పమంది. తియ్యలేదని చెప్పి అరిచేత్తో ఆర్పితే చాలు, ఇంక అడగను అంది. పేటలో ఎవరైనా అలాగే చేస్తారు, తప్పు చెయ్యనివాడు అరక్షణంలో ఆర్పేసి పోతాడు. వీడు ఆర్పలేదు. కర్పూరాన్ని చూస్తూ నిలబడ్డాడు, అది కాలి కాలి దానంతటదే ఆరిపోయేదాకా. "ఆర్పితే నమ్ముతావు, నేకపోతే నమ్మవు. మరి నీకు నానేటవుతానప్పా?" అని బండి తాళం ఆ పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయాడు. చూశారా, ఆర్పలేదు అన్నారు జనం. తనూ అదే అనుకుంది. ఎంత తేలిగ్గా అనుకుంది.

ఆ తర్వాత వాడు వేరావల్ వెళ్ళిపోయాడు, గుజరాతు వాళ్ళ పడవల మీద కూలికి. జూన్‌లో అక్కడ వేట ఆపేసినప్పుడు వచ్చి రెండు నెలలున్నాడు, తన అరుగు ముందు నుంచే నడిచేవాడు, నేల చూస్తూ. ధనశ్రీ కుళాయి దగ్గర దుర్గ బిందె కనిపిస్తే తన బిందె తీసుకుని వెనక్కి పోయేది. దొంగ పెళ్ళాం అని ఎవరో అన్నారట, తను అనలేదు, కానీ ఆ పేరు పుట్టింది తన నోట్లోంచే కదా. ఇంకో డ్రైవరుని నమ్మబుద్ధి కాలేదు. నలభై రెండేళ్ళకి స్టీరింగు పట్టడం నేర్చుకుంది, గేరు పడక క్లచ్చు మీద ఏడ్చింది కూడా. మార్చి, ఏప్రిల్, మే, డీజిలు చక్కగా మూడు సంతలకీ వచ్చింది. వస్తే ఏం చేసింది? ఊరుకుందా? వాడు పోయాక డీజిలు నిలబడింది చూశారా అని ఐసు దుకాణం దగ్గర, వేలంపాట దగ్గర, బుట్టలు కడుగుతూ, అందరికీ చెప్పింది. ఎండ దయవల్ల నిలబడిందని ఎవరికి తెలుసు. మళ్ళీ నవంబరు వచ్చింది. మళ్ళీ దీపం వెలిగింది. ఇంజిను పనైపోయింది దుర్గా, బండి నా చిన్నోడికి అమ్మెయ్, ఆడే ఏదో తిప్పుకుంటాడు అన్నాడు గురువులు బావ. ఈ నెలాఖరుకి ఇస్తానని మాట కూడా ఇచ్చేసింది. ఇచ్చేశాక కూడా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఈసారి తాగే నోరు ఎవరిదో చెప్పమంటే బావ చెప్పలేదు.

తౌసిఫ్ ఇంజిను ఆపాడు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం, పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్న చప్పుడు ఇప్పుడు వినబడుతోంది. రేడియేటరు నీళ్ళు బకెట్లోకి దించాడు. గొట్టం ఊడదీసి, దాని వెనకాల అరిచేతంత కూడా లేని చిన్న మూతకి రెండు బోల్టులు విప్పాడు. ఒక బోల్టు బిగుసుకుపోయి రాలేదు, నూనె వేసి కాసేపు ఆగాడు. మూత వచ్చింది. టార్చి వేసి చూపించాడు. లోపల ఖాళీ. గుండ్రటి గాడి ఉంది, ఏదో కూర్చోవలసిన చోటు ఉంది, కూర్చోవలసింది లేదు. ఎవరో తీసేశారక్కా అన్నాడు. మన దగ్గర చాలామంది తీసేస్తారు, వేసవిలో బండి కాగిందంటే ముందు దీన్నే పీకుతారు, పీకింది చెప్పరు. లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి, కొత్తది తీసి ఆమె అరిచేతిలో పెట్టాడు. వాల్వు అంటామక్కా, ఇదీ ఆ తలుపు.

ఇత్తడి. గుండ్రటి అంచు, మధ్యలో బుడిపె, దాని చుట్టూ తీగచుట్ట. దుర్గ దాన్ని చూసింది. తిప్పి చూసింది. తల ఎత్తి బండి అద్దంలోంచి లోపలికి చూసింది. బంగారమ్మ తల్లి పటం ముందు, అదే అంచు, అదే బుడిపె, అదే తీగచుట్ట, ఆ చుట్టలో ఇప్పుడే కాలి సగానికొచ్చిన అగరొత్తి. పోయినేడాది మే నెల, ఘాటీలో బండి ఆవిర్లు కక్కితే కంచరపాలెం షెడ్డుకి ఈడ్చుకెళ్ళారు, కోటి బయట చేపల ట్రేలు నీడలోకి మారుస్తున్నాడు, బావ ఏదో విప్పి, ఏదో తీసి, చేతిలో పెట్టాడు. పనికిరాన్ది, ఇత్తడి ముక్క, ఉంచుకో అన్నాడు. ముద్దుగా ఉందని తెచ్చి పటం ముందు పెట్టింది తనే. తీగచుట్టలో అగరొత్తి భలే నిలబడిందప్పా అని కోటి మురిసిపోయాడు. పందొమ్మిది నెలలు. రోజూ పొద్దున్నే ముందు తమ్ముడు, తర్వాత తను, దానికి దణ్ణం పెట్టి బండి తీశారు, జానెడు దూరంలో సూది లేవకుండా పడి ఉంది. తెలియని వాడికి తెలియదు. తెలియని తనకీ తెలియదు. కానీ ఆ రోజు, డిసెంబరులో, ఆ సీట్లో కూర్చుని వాలిపోయిన అగరొత్తిని నిటారుగా గుచ్చింది ఎవరు? ఎవరి వేళ్ళు ముట్టుకున్నాయి దాన్ని? తన చేత్తో ఊడదీసిన వాల్వుని తన చేత్తో ముట్టుకుని, దాని ముందు కూర్చుని, తాగే నోరు వేరే ఉందన్నాడు. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో విన్నది గానీ, కోసేటప్పుడు ఇంత నెమ్మదిగా, చేతులు తుడుచుకుంటూ కోస్తారని తెలియదు.

పాతది తెచ్చి ఇచ్చింది. బూడిద నిండిపోయి, పసుపూ కుంకుమా పట్టి ఉంది. తౌసిఫ్ దాన్ని రెండు వేళ్ళతో అందుకున్నాడు. బ్రష్షుతో కడిగి, ఎదురు టీకొట్టు నుంచి సలసల కాగే నీళ్ళు గిన్నెలో తెచ్చి అందులో వేశాడు. ఇద్దరూ వంగి చూశారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత తీగచుట్ట కొద్దిగా కదిలింది, బుడిపె మెల్లగా కిందికి దిగింది, చుట్టూ సన్నటి సందు తెరుచుకుంది. చన్నీళ్ళు పోస్తే మళ్ళీ మూసుకుంది. బంగారంలా పనిచేస్తోందక్కా, కొత్తదెందుకు, ఇదే వేసేస్తాను అన్నాడు. ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉంది, బాగానే ఉంది, ఒక్కసారి వేడినీళ్ళు తగిలితే నిజం చెప్పేది. దుర్గకి కళ్ళు మండాయి. గిన్నె ఆవిరి అనుకోవడానికి లేదు, గిన్నె చల్లారిపోయింది.

అతను వాల్వు బిగిస్తుండగా పక్కకెళ్ళి గురువులుకి ఫోను చేసింది. అరవాలనుకుంది. అరుపు రాలేదు, మామూలు గొంతే వచ్చింది, పోయినేడాది వేసవిలో ఈ బండిలోంచి తీసి నా సేతిలో ఎట్టావు, ఇత్తడిది, అదేటి బావా అని అడిగింది. అవతల గొంతు సవరించుకున్నాడు. వాల్వు అన్నాడు, అందరం తీసేత్తాం, మన ఎండలకి అదెందుకు అన్నాడు. సలిలో డీజిలు తాగుతుందని తెల్దా అంటే, అంత తాగుద్దనుకోలేదన్నాడు. మరి కోటి సంగతో అంటే ఆ మనిషి అన్న మాట ఇది.

"నాను కోటి పేరెత్తానా దుర్గా? తాగే నోరు ఏరే ఉందన్నాను, అంతే. పేరెట్టింది నువ్వు."

దెబ్బ ఎక్కడ తగిలిందో కొట్టినవాడికి తెలుసు. నిజమే మరి. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఇంత పని చేశాడు. మర్చిపోయాడో, తప్పు ఒప్పుకోవడానికి నామోషీ అయ్యిందో, బండి మీద అప్పటికే కన్నుపడిందో, ఇంక ఆ మనిషి ఏం చెప్పినా తను నమ్మలేదు, కాబట్టి అడగలేదు. బండి అమ్మనని మాత్రం చెప్పి పెట్టేసింది. పదకొండు రోజులు అరుగు మీద పడుకున్నాడే, అదైనా నిజమేనా అనిపించింది. అది అనిపించాక ఎక్కువ ఏడుపొచ్చింది, డీజిలుకి రానంత ఏడుపు. ఏడుస్తూనే, బావ నన్ను మోసం చేశాడు అనుకోబోయింది. అనుకోబోతే మధ్యలో ఇంకో మొహం అడ్డొచ్చింది, కర్పూరం వెలుగులో కింది పెదవి పంటికింద నొక్కుకుని నిలబడ్డ మొహం. బావ తనకి చేసింది ఎంతో, తను తమ్ముడికి చేసింది అంతకంటే ఎక్కువ. బావ కనీసం పేరెత్తలేదు.

ఇంజిను మళ్ళీ ఆడింది. ఈసారి పై గొట్టం మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, చల్లగానే ఉంది, తర్వాత ఒక్కసారిగా కాలింది. అరిచెయ్యి ఎర్రబడింది, అయినా వెంటనే తియ్యలేదు. సీట్లోకెక్కి చూస్తే సూది లేచింది. ఎవరో నిద్రలేపినట్టు లేచి, మెల్లగా పైకొచ్చి, నడిమధ్యలో నిలబడింది. ఫోను తీసి కోటికి మాట రికార్డు చేసి పంపుదామని బొత్తాం నొక్కి పట్టుకుంది. పదకొండు నెలలుగా తన ఫోను ఎత్తని వాడు. ఏం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి. అలా నొక్కి పట్టుకునే ఉంది, ఇంజిను చప్పుడే రికార్డయింది చాలాసేపు. చివరికి, వాల్వు నేదురా తమ్ముడా, నువ్వు సెప్పిందే నిజం అని మాత్రం అంది. వేలు వదిలేసింది, అది వెళ్ళిపోయింది.

తౌసిఫ్‌కి ఇవ్వాల్సింది ఇచ్చి, బండి వెనక్కి తీస్తుండగా ఫోనులో జవాబు వచ్చిన చప్పుడయింది. కోటి గొంతు, వెనకాల గాలి, ఏదో పడవ మోటారు. కోపంగా లేదు, అదే భయం వేసింది.

"నాకెందుకు సెప్తన్నావప్పా? నాను తియ్యనేదని నాకు తెల్సు గదా. పేటకి సెప్పు."

రెండోసారి వినలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని గేరు వేసింది. మంచు విడుతోంది, ఎదురుగా ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పటం ముందు స్టాండు ఉన్నచోట గుండ్రటి మసి మరక మిగిలింది, సగం కాలిన అగరొత్తి దాని పక్కన పడి ఉంది. వలల షెడ్డు దగ్గర ఈ వేళకి జనం చేరి ఉంటారు, ఐసు దుకాణం తెరిచి ఉంటుంది, ధనశ్రీ కుళాయి దగ్గర ఉంటుంది. ఎవరెవరికి చెప్పిందో అందరి మొహాలూ గుర్తున్నాయి, ఒక్కటీ మర్చిపోలేదు. ఈసారి కర్పూరం ముందు నిలబడాల్సింది తను. గాజువాకలో కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. ఒక కొట్టు ముందు బండి ఆపి, ఇంజిను ఆపకుండానే దిగి, కర్పూరం బిళ్ళలు అడిగింది.